ఐదూ పదికి పుట్టిన కారు

"కింద కారు, పైన పిల్ల. పడుకున్నాక దానికేదైనా అయి అంటుకుందనుకోండి, మెట్లు కూడా ఆ గదిలోంచే కదా! పిల్ల ఎటునుంచి దిగుతుంది?"

కారు ఇంకా ఇంటికి రానేలేదు. వీధి మలుపు కూడా తిరగలేదు. నేను అప్పటికే దాన్ని తగలబెట్టేశాను. మా ఆయన కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే, "ముందు రానీ. వచ్చాక తీరిగ్గా తగలబెడదాం," అన్నారు.

మా ఆయన టైలరు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా జోకులు వేయగల మనిషి. నేను అలా కాదు. ఫోను మోగితే ఆసుపత్రి అనుకుంటాను, తలుపు కొడితే పోలీసు అనుకుంటాను, ఎవరూ పిలవకపోతే అంతకంటే పెద్దదేదో అయిందనుకుంటాను. బడి ఏడో తరగతితో ఆగిపోయినా భయపడటంలో మాత్రం పై చదువులన్నీ చదివాను.

మాకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది గనక పిచ్చుక అన్నాం. ఇరవై నాలుగేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. ఆ పిచ్చుక చేసే పని ఏమిటంటే కార్ల ఇంజన్లు విప్పడం. ఊళ్లో అందరి ఆడపిల్లలూ సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే, మాది మోచేతుల దాకా కడుక్కుంటుంది. కడిగిన నీళ్లు చూస్తే కాటుక కలిపినట్టుంటాయి.

అది పనిచేసే షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నేల మీద పసుపు రంగు గీతలతో ఐదు గళ్లు గీసి ఉంటాయి. గడికొక మెకానిక్కు. ఆ గడిలోకి వచ్చిన బండికి ఆ మనిషిదే పూచీ. గడి లేనివాళ్లు పక్కన నిలబడి సాయం చేయాలి. గడి కావాలంటే ఎవరికైనా ఒకటే పరీక్ష. పనికిరాదని మూలపడేసిన ఇంజను ఒకదాన్ని తీసుకుని, చివరి మర దాకా విప్పి, తనంతట తాను మళ్లీ బిగించాలి. దాన్ని ఒక బండిలో కూర్చోబెట్టి, ఆ బండిని ఇంటికి తీసుకెళ్లాలి. వరుసగా ఏడు పొద్దులు, రాత్రంతా చల్లారిన ఇంజను మొదటిసారి తాళం తిప్పగానే అందుకోవాలి. వణక్కూడదు, ఆగకూడదు. అలా నిలబడిన ప్రతి పొద్దుకూ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. ఏ ఒక్క పొద్దు ఆగినా ఉన్న గీతలన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచి. చూడ్డానికి ఇంటికి ఎవరూ రారు. గీసేదీ చెరిపేదీ ఆ మనిషే.

"ఎవరూ చూడకపోతే దొంగగీతలు గీసుకోవచ్చుగా?" అన్నాను, ఇది వినగానే.

పిచ్చుక నావైపు జాలిగా చూసింది. "గీసుకోవచ్చు. తర్వాత ఆ గడిలో ఏ మొహం పెట్టుకుని నిలబడాలమ్మా?"

నాలుగో గడి మనిషి వయసు మీదపడి పని మానుకున్నాడు. ఆ గడిని నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతానని పెద్ద మేస్త్రి మాటిచ్చాడు. ఆలోగా పిచ్చుక ఏడు గీతలు గీస్తే గడి దానిది. లేకపోతే వేరే షెడ్డు నుంచి ఎవరో వస్తారు. మళ్లీ గడి ఖాళీ అయ్యేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు.

ఇదీ సంగతి. ఇక నా సంగతి చెప్పాలంటే, గడి రాకపోతే బాగుండునని నాలో ఒక మూల ఉండేది. మా పిన్ని కూతురికి కళ్లద్దాల షాపు ఉంది. కౌంటరు దగ్గర తెల్లకోటు వేసుకుని కూర్చోవడానికి మనిషి కావాలని రెండేళ్లుగా అడుగుతోంది. అక్కడ మీద పడే బరువులు లేవు, కాలే గొట్టాలు లేవు. పడితే అద్దం పడుతుంది, అంతే.

*

కారు వచ్చింది. ఎండిపోయిన నారింజ తొక్క రంగు, ఒక తలుపు మాత్రం నీలం. మూడు చచ్చిన కార్ల నుంచి ఒక బతికిన కారు చేశానని పిచ్చుక గర్వంగా చెప్పింది. ముందున్న మూత ఎత్తి, "రా అమ్మా, చూడు," అని చెయ్యి పట్టుకుని లాగింది.

నేను వంటింట్లో ఆవిరి చూశాను, మిషను కింద చక్రం చూశాను గానీ ఇంజను లోపల ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఏముంది, పేగులూ గుండెకాయా బయట పెట్టుకుని కూర్చున్న మనిషిలా ఉంది. ప్రతి ముక్కా తుడిచి, నూనె రాసి, దాని చోట దాన్ని కూర్చోబెట్టి ఉంది. ఇదంతా నేను తల దువ్విన పిల్ల చేసిందా అని నోట మాట రాలేదు. మాట రాగానే మాత్రం, "ఇది అంటుకోదు కదా?" అన్నాను.

"అంటుకోదమ్మా."

"అంటుకుంటే?"

అది నవ్వి, బ్యాటరీకి బిగించిన నల్ల తీగ చూపించింది. "మేం పని మొదలుపెట్టే ముందు ఈ మైనస్ తీగ తీసేస్తాం. ఇది తీసేస్తే ఇక బండిలో నిప్పురవ్వ పుట్టే దారే లేదు. చూడు, పది నంబరు పానా. ఒక్క మర. నీ కుక్కర్ మూత కంటే సులువు. ఇప్పుడు ధైర్యమా?"

చాలా ధైర్యం వచ్చింది. ఎంత ధైర్యమంటే, ఆ రోజు నుంచి రోజూ అంట్లు కడగడం అయ్యాక, గ్యాసు బండ మీది మీట కట్టేసి, కింది గదిలోకి వెళ్లి, పది నంబరు పానాతో ఆ నల్ల తీగ కూడా తీసేయడం మొదలుపెట్టాను. పొద్దున ఐదింటికి లేచి, టీ నీళ్లు పొయ్యి మీద పెట్టే ముందు మళ్లీ బిగించేదాన్ని. పిచ్చుక లేచేది ఆరింటికి. ఇద్దరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ వద్దంటే మాత్రం నాకు నిద్రపట్టదు. గ్యాసు మీట ఎంతో ఇదీ అంతే అనుకున్నాను. మీట కట్టేసినందుకు పొయ్యి ఎప్పుడైనా అలిగిందా?

*

మొదటి పొద్దు పిచ్చుక తాళం తిప్పింది. ఇంజను అందుకుంది, ఒక్కసారి గట్టిగా మూలిగింది, ఒళ్లంతా వణికింది, దగ్గు తెర వచ్చిన ముసలివాడిలా ఊగి ఊగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. నాలుగోసారి కాలు పెడల్ మీద నొక్కిపట్టి, బతిమాలి, బుజ్జగించి బయటికి తీసుకెళ్లింది.

"మొదటిరోజు కదా," అంది.

రెండో రోజూ అంతే. ఐదో రోజూ అంతే.

విచిత్రం ఏమిటంటే ఇంట్లో పులిలా ఎదురుతిరిగే ఆ కారు, షెడ్డుకు చేరేసరికి ఆవుదూడలా నిలబడేదట. సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపి తీసినా ఒక్కసారి కూడా తడబడేది కాదట. షెడ్డులో అందరికీ ఇదొక వేళాకోళమైంది. "మీ ఇంటి గాలి పడటంలేదేమో, గది మార్చు," అని ఒకరు. "మీ అమ్మ వంట వాసనకు కళ్లు తిరుగుతున్నాయేమో," అని ఇంకొకరు. ఆ రెండోది ఇంటికొచ్చి చెప్పినప్పుడు మా ఆయన మరీ ఎక్కువసేపు నవ్వారు.

పిచ్చుక మాత్రం నవ్వడం మానేసింది. ఆదివారం రోజంతా కింది గదిలోనే. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి వరుసగా గుడ్డ మీద పరిచి, పంటి వైద్యుడిలా ఒక్కొక్కదాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. కొత్తవి వేసింది. పొద్దున మళ్లీ ఆగింది. గాలి వెళ్లే గొట్టాల్లో చీలికలున్నాయేమోనని ప్రతి గొట్టం మీదా మందు చల్లి, శబ్దం మారుతుందేమో అని చెవి పెట్టి విన్నది. చీలిక లేదు. పెట్రోలు పంపు ఒత్తిడి కొలిచింది. సరిగ్గానే ఉంది. ఇంజను గాలి పీల్చే గొంతు ఒకటుంటుంది, థ్రాటిల్ అంటారు, దాన్ని విప్పి పాత టూత్‌బ్రష్‌తో లోపలి మసి అంతా కడిగింది. ఆ మర్నాడు ఇంకా ఘోరంగా ఆగింది.

"కడిగితే బాగుపడాలి కదమ్మా! కడిగితే ఎందుకు పాడవుతుంది?" అని నన్నే అడిగింది, నాకేదో తెలిసినట్టు.

"కాసేపు వదిలెయ్యి తల్లీ. తిని పడుకో," అన్నాను. నాకు తెలిసిన మందు అదొక్కటే.

అన్నం కలుపుకుంటూ కూడా దాని వేళ్లు కంచంలో ఏదో మర తిప్పుతున్నట్టే కదిలేవి. ఒళ్లు తగ్గింది. నాకు దాని ఒంటి గురించి దిగులు మొదలైంది. అప్పటికి కూడా నా తలలోకి తీగ సంగతి రాలేదు. రాత్రి తీసేదాన్ని, పొద్దున పెట్టేదాన్ని. ఇంత జబ్బుపడ్డ కారు అంటుకునే ప్రమాదం ఇంకా ఎక్కువని మర మరింత జాగ్రత్తగా విప్పేదాన్ని.

*

ఒకరోజు అది భోజనం డబ్బా మర్చిపోయింది. తీసుకుని షెడ్డుకు వెళ్లాను. నేనక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. అంతకుముందు నా మనసులో ఆ షెడ్డు ఒక యుద్ధభూమి. తీరా చూస్తే నిశ్శబ్దంగా, పొడవుగా, పెద్ద కిటికీలతో ఉంది. పనిముట్లు గోడకు వేలాడుతున్నాయి, చిన్న నుంచి పెద్దకు వరుసలో. నేల మీద పసుపు గళ్లు. నాలుగో గడిలో ఏమీ లేదు. దాని మీదుగా నడవకుండా అందరూ చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఖాళీ చోటుకు మనుషులు అంత మర్యాద ఇవ్వడం నేనెక్కడా చూడలేదు.

పిచ్చుక గోడ దగ్గర నిలబడి ఉంది, నాకు వీపు చేసి. దాని ముందు గోడ మీద రెండు సుద్దగీతలు.

మొన్నా నిన్నా ఎలాగో మొదటి తాళానికే లేచింది ఆ కారు. మా ఇంట్లో పండగలా ఉంది ఆ రెండు రోజులు. నేను ఒళ్లు నొప్పులు, జ్వరం అంటూ వరుసగా రెండు రాత్రులు మాత్ర వేసుకుని పెందరాళే పడుకున్నాను గానీ, పడుకున్నచోటినుంచే పిచ్చుక నవ్వు విన్నాను. ఇవాళ మళ్లీ ఆగిపోయింది. నేను లేచి తిరుగుతున్నాను, కారు పడిపోయింది. అప్పుడైనా నా బుర్రకు తట్టాలి కదా. తట్టలేదు.

పిచ్చుక చుట్టూ ఎవరూ చూడటంలేదు. ఒకరు కారు కింద ఉన్నారు, ఒకరు ఫోనులో ఉన్నారు. పెద్ద మేస్త్రి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఏదో చిన్న స్ప్రింగును చూస్తున్నాడు. ఇవాళ పొద్దున కారు ఆగిందని చెప్పడానికి ఆ షెడ్డులో సాక్షి లేడు. మూడో గీత గీస్తే అడిగేవాడు లేడు. పిచ్చుక జేబులోంచి గుడ్డ తీసి రెండు గీతలూ తుడిచేసింది. మెల్లగా, మూలలు కూడా వదలకుండా. అప్పుడు చూశాను. ఆ గోడ మీద ఆ చోటంతా తెల్లగా ఉంది. ఎన్నిసార్లు తుడిచిందో, సుద్ద గోడలోకి ఇంకిపోయి మబ్బులా పరుచుకుంది. పక్కన మిగతా మెకానిక్కులు ఏనాడో తుడిచిన చోట్లలోనూ అలాంటి మబ్బులే ఉన్నాయి, పాతబడి, రంగు మారి.

అబద్ధం చెప్పకూడదని నేను దానికి నేర్పిన మాట నిజమే. కానీ నేను నేర్పినదానికంటే ఇది చాలా పెద్దది. నేను నేర్పింది ఎవరైనా చూస్తే పట్టుబడతావు అనే భయం. ఇక్కడ భయం లేదు. ఇదెక్కడ నేర్చుకుంది?

"మీ అమ్మగారా?" అన్నాడు మేస్త్రి పిచ్చుకతో, తల ఎత్తి.

"అవునండీ అన్నయ్యగారూ," అన్నాను. "మా పిల్ల తిండి మర్చిపోయింది."

"తిండి మర్చిపోయే జబ్బు మంచిదేనమ్మా. మాకందరికీ వచ్చింది. ఎవరం పోలేదు," అన్నాడాయన.

*

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా, సాయంత్రం చేతులు కడుక్కుంటూ పిచ్చుక అంది. "అమ్మా, పిన్నికి ఫోన్ చెయ్యి. కౌంటరు పనికి వస్తానని చెప్పు."

మా ఆయన మిషను ఆపారు. "ఏమైందిరా?"

"నా చేతుల్లో ఏదో లోపం ఉంది నాన్నా. ఎక్కడో తప్పు బిగించాను. ఎక్కడో నాకే తెలీట్లేదు. నా ఇంట్లో నా బండి నిలబెట్టలేనిదాన్ని, రేపు ఎవరి బండికో ఎలా పూచీ పడతాను? మేస్త్రిగారికి కూడా చెప్పేశాను, మానుకుంటానని."

"ఆయనేమన్నారు?"

"'సరే' అన్నారు. 'పరీక్ష మానుకున్నావు గనక ఇక నీ బండి చూడ్డానికి పద్ధతి అడ్డురాదు, రేపు పొద్దున వచ్చి చూస్తా' అన్నారు."

చెప్పకూడదు గానీ, ఆ మాట వినగానే నా గుండె మీంచి ఒక రాయి దిగినట్టయింది. తెల్లకోటు కళ్ల ముందు కనపడింది. వెంటనే దాని చేతులు చూశాను. సబ్బు రుద్దుతూనే ఉంది, మసి ఎప్పుడో పోయింది, ఇంకా రుద్దుతూనే ఉంది. దిగిన రాయి మళ్లీ ఎక్కింది, ఈసారి వేరే చోట.

*

మేస్త్రి పొద్దున ఏడింటికి వచ్చాడు. టీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు. కింది గదిలో కారు చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తించి, "తిప్పు," అన్నాడు.

పిచ్చుక తిప్పింది. అందుకుంది, మూలిగింది, వణికింది, ఆగింది.

"మళ్లీ."

మళ్లీ అంతే. మూడోసారి ఆయన దాని మీద వంగి, శబ్దం వింటున్నాడో వాసన చూస్తున్నాడో తెలియకుండా కళ్లు మూసుకున్నాడు. ఆగిపోయాక కూడా కళ్లు తెరవలేదు. మా ఆయన పెదవుల మధ్య గుండుసూదితోనే మిషను వదిలి వచ్చారు, నేను గుమ్మం దగ్గర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. డాక్టరు నాడి పట్టుకుని మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

"బిగింపులో తప్పు లేదు," అన్నాడు చివరికి. "ఈ చప్పుడు తప్పు బిగించినదాని చప్పుడు కాదు. ఏమీ తెలియనిదాని చప్పుడు. అమ్మాయ్, లోపల గడియారంలో టైమెంత?"

పిచ్చుక అద్దం ముందున్న చిన్న గడియారం చూసింది. "ఒంటిగంటా యాభై. అదెప్పుడూ తప్పే చూపిస్తుంది మేస్త్రిగారూ. వేరే కారుది పీకి పెట్టాను, పాడైపోయిందని పట్టించుకోలేదు."

"రోజూ ఒకే తప్పు చూపిస్తుందా, రోజుకో తప్పా?"

పిచ్చుక మళ్లీ గడియారం మీదికి వంగింది. "ఏడింటికి ఎప్పుడు చూసినా... ఒంటిగంటన్నర, రెండు. దాదాపు ఒకటే."

"కరెంటు పోయి వస్తే ఈ గడియారం పన్నెండు నుంచి మొదలుపెడుతుంది. ఒంటిగంటా యాభై అంటే దాని వయసు గంటా యాభై నిమిషాలు." మేస్త్రి తన చేతి గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు ఏడు. ఈ కారు ఇవాళ ఐదూ పదికి పుట్టింది."

ఆయనే మళ్లీ చెప్పాడు, పిచ్చుకకే గానీ నాకూ అర్థమయ్యేలా.

"పరిగెత్తడం ఏ ఇంజనుకైనా వచ్చమ్మా. కదలకుండా ఒకచోట నిలబడటమే కష్టం. నిలబడినప్పుడు ఈ గొంతు దాదాపు మూసుకుని ఉంటుంది. వెంట్రుకంత సందులోంచి ఊపిరి పీల్చాలి. ఆ సందు ఎంత ఉండాలన్నది ఏ రెండు ఇంజన్లకూ ఒకటి కాదు. ఈ గొంతు పాతది, అరిగింది, పైగా నువ్వు కడిగావు కూడా. ఫ్యాక్టరీ వాడు చెప్పిన కొలత దీనికి చాలదు. అందుకని తనే తంటాలు పడి నేర్చుకుంటుంది. కొంచెం ఎక్కువ పీలుస్తుంది, కొంచెం తక్కువ పీలుస్తుంది, ఆగుతుంది, లేస్తుంది. నేర్చుకున్నది లోపలున్న కంప్యూటరు పెట్టెలో రాసుకుంటుంది. షెడ్డుకొచ్చేసరికి చదువు పూర్తవుతుంది. కానీ ఆ రాత నిలవాలంటే రాత్రంతా బ్యాటరీ నుంచి ఒక్క చుక్క కరెంటు దానికి అందుతూ ఉండాలి. అది ఆగితే పలక తుడిచేసినట్టే. పొద్దున మళ్లీ ఓనమాలు."

ఇంజను నేర్చుకుంటుందట. మర్చిపోతుందట. ఇనుప ముద్ద అనుకున్నాను నేను, దానికి నిన్న అనేది ఒకటి ఉందట. రోజూ పొద్దున అది దగ్గి దగ్గి ఆగిపోతుంటే మొండితనం అనుకున్నాం అందరం. అది పాపం చూసి రాసుకోవడానికి పక్క పలక కూడా లేకుండా మొదటినుంచి చదువుకుంటోంది. నా వెన్నులోంచి చలి పాకింది. భయం వల్ల వచ్చే చలి నాకు బాగా తెలుసు. ఇది అది కాదు.

మేస్త్రి బ్యాటరీ దగ్గరికి వంగి నల్ల తీగ మర మీద బొటనవేలు రాశాడు. "అన్ని మరలకీ దుమ్ముంది. దీనికి లేదు. తళతళలాడుతోంది. ఈ ఇంట్లో ఐదూ పదికి లేచేదెవరు?"

"ఐదూ పదికి మా ఇంట్లో కాకి కూడా..." అని మొదలుపెట్టిన మా ఆయన నావైపు చూసి ఆగిపోయారు. పెదవుల మధ్య సూది అలాగే ఉండిపోయింది.

ఆ ఒక్క క్షణంలో నేను ఎంత దూరం వెళ్లొచ్చానో దేవుడికే తెలుసు. తీగ వదులైందేమో అనొచ్చు. ఎలుక అనొచ్చు. ఇవాళ్టి నుంచి గుట్టుగా మానేస్తే ఎవరికీ తెలియదు. మానకపోతే ఇంకో ఎనిమిది రోజుల్లో నెల దాటుతుంది, గడి పోతుంది, నా పిల్ల అద్దాల మధ్య చల్లగా కూర్చుంటుంది. ఎవరూ చూడలేదు. సాక్షి లేడు. అప్పుడు ఆ గోడ మీది తెల్లటి మబ్బు కళ్ల ముందుకొచ్చింది.

"నేనే," అన్నాను. "రాత్రి తీసేస్తాను. పొద్దున పెట్టేస్తాను. కారు వచ్చిన రోజు నుంచీ. జ్వరం వచ్చిన రెండు రోజులు మాత్రం తీయలేదు."

పిచ్చుక నావైపు చూసింది. గడియారం వైపు చూసింది. మళ్లీ నావైపు.

"ఎందుకమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అంటుకుంటుందని. పైన అది పడుకుంటుంది కదండీ."

ఆయన నవ్వలేదు. మర మీద ఇంకోసారి వేలు రాశాడు. "బిగింపు మాత్రం బాగుంది చెల్లెమ్మా. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎవరు నేర్పారు?"

"మా అమ్మాయే."

"నేర్పడం కూడా వచ్చన్నమాట," అన్నాడు. తర్వాత కారు వైపు తిరిగి, "అయితే అమ్మాయ్, నిన్న సాయంత్రం చెప్పిన మాటే మాటా? లేక మార్చుకుంటావా?" అని అడిగాడు.

పిచ్చుక కారులో కూర్చుని తాళం తిప్పింది. రెండుసార్లు ఆగి, మూడోసారి వణుకుతూ నిలబడింది. "దీపాలు, లోపలి ఫ్యాను అన్నీ ఆపెయ్యి. పెడల్ మీంచి కాలు తీసెయ్యి. ఇక ఎవరూ ముట్టుకోవద్దు, దాన్ని నేర్చుకోనివ్వండి," అన్నాడు మేస్త్రి. ఇంజను నీళ్లు వేడెక్కినప్పుడు తనంతట తానే తిరిగే ఫ్యాను ముందుంటుంది, అది రెండుసార్లు తిరిగి ఆగేదాకా కదిలించకూడదట.

నలుగురం కళ్లార్పకుండా చూశాం. లోపల ఒక సూది ఉంది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది. అది పైకి పోతోంది, పడిపోతోంది. పడినప్పుడల్లా కారు ఒళ్లంతా ఊగుతోంది, అయిపోయింది అనుకుంటాను, సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఊపిరి తెచ్చుకుని లేస్తోంది. ఇలాంటిది నేనొకసారి చూశాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లను ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. పదకొండు రోజులు ఆ గాజుకు నుదురు ఆనించి దాని ఊపిరి లెక్కపెట్టాను. ఆగేది. నా ఊపిరీ ఆగేది. మళ్లీ తీసుకునేది. నన్ను లోపల చెయ్యి పెట్టనివ్వలేదు. ముట్టుకోకపోవడమే సాయం అన్నారు. ఆ మాట నాకు ఇరవై నాలుగేళ్లుగా అర్థం కాలేదు.

మేస్త్రి నా చెయ్యి తీసుకుని ఇంజను పక్కన రేకు మీద పెట్టించాడు. "ఇక్కడ పెట్టొచ్చు. చూడండి."

అరచేతిలోకి వణుకు వచ్చింది. మొదట గులకరాళ్ల మీద బండి నడిచినట్టు. తర్వాత మట్టి మీద. ఎప్పుడు మారిందో తెలియదు, ఇసుక మీద. సూది ఊగడం తగ్గింది. ఫ్యాను మొదటిసారి గిర్రున తిరిగి ఆగింది. నా చేతి కింద, ఎవరూ చెప్పకుండా, ఎవరూ నొక్కకుండా, ఒక ఇనుప వస్తువు తనకెంత ఊపిరి కావాలో తనే కనుక్కుంటోంది. ఇన్ని రోజులూ ఇదే పాఠం ఇది పొద్దునంతా నేర్చుకుంది, రాత్రి నేను వచ్చి తుడిచేశాను. అయినా మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కరోజు కూడా నేర్చుకోను అనలేదు.

"పిచ్చుకా," అన్నాను. ఇంజను చప్పుడు ఎంత తగ్గిందంటే గొంతు పెంచాల్సిన అవసరం లేకపోయింది. "నీ చేతుల్లో లోపం లేదమ్మా. నా చేతుల్లో ఉంది. ఇంకోటి కూడా చెప్పేస్తున్నా. నిన్న నువ్వు మానేస్తానంటే నేను లోపల సంతోషించాను. తిట్టుకో. కానీ ఆయన అడిగినదానికి జవాబు చెప్పు."

పిచ్చుక చేతులు స్టీరింగు మీద లేవు, ఒళ్లో ఉన్నాయి. సూది వైపే చూస్తోంది. మా ఆయన పెదవుల మధ్యనుంచి గుండుసూది తీసి చొక్కా అంచుకు గుచ్చుకున్నారు. ఏదో జోకు వేయబోయి మానుకున్నారు. పెళ్లయ్యాక ఆయన జోకు మింగడం నేను చూసింది అదే మొదటిసారి. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తొందర ఏమీ లేనట్టు. నేను చెయ్యి తీయలేదు. తీస్తే అది మర్చిపోతుందేమో అనిపించింది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఫ్యాను రెండోసారి తిరగడానికి చాలాసేపు పట్టింది. వీధిలో ఎవరో గేటు వేసుకున్నారు. పక్కింట్లో కుళాయి కట్టేశారు. సూది ఒకచోట నిలబడింది, గోడకు మేకు కొట్టినట్టు. నా అరచేతి కింద ఇక వణుకు లేదు. ఏదో మెల్లగా గురకపెడుతున్నట్టు ఉంది, అంతే. ఫ్యాను తిరిగింది, ఆగింది.

పిచ్చుక తాళం వెనక్కి తిప్పింది. గది అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. అది తాళం చేతిలోకి తీసుకుంది గానీ దిగలేదు. నేను దాని జవాబు కోసం చూసి చూసి, ఇక చెప్పదులే, జీవితంలో నాతో మాట్లాడదులే అనుకునేదాకా వచ్చాను. దాని పెళ్లికి నన్ను పిలవకపోవడం దాకా వెళ్లాను.

"ఇవాళ ఆగింది గనక ఇవాళ్టిది లెక్కలోకి రాదు మేస్త్రిగారూ," అంది అప్పుడు, ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "రేపటి నుంచి లెక్క. రాత్రికి నీకు భయమేస్తే వచ్చి నన్ను లేపమ్మా. దాన్ని మాత్రం పడుకోనీ."